మురథల్ దాటాక, ఇంకో రత్న

ఢిల్లీ నుంచి మురథల్‌కి అందరూ పరాఠాల కోసం వెళ్తారు. నేను వెళ్ళింది నా పేరుతో బతుకుతున్న ఒక మనిషిని చూడటానికి. జనవరిలో ఆ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి బస్సులు, వేళలు, ఖర్చులు పనికొస్తాయని ఇవన్నీ రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. ఆ ఇంటివాళ్ళని ఎవరూ వెతుక్కుంటూ వెళ్ళకూడదు.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు రత్నకుమారి. బాపట్ల దగ్గర పుట్టాను. అమ్మకి ఢిల్లీలో నర్సు ఉద్యోగం రావడంతో పదో ఏట ఇక్కడికి వచ్చేశాం. స్కూల్లో పట్టుకున్న హాకీ కర్రని ఇక వదల్లేదు. ఐదేళ్ళు భారత జట్టుకి ఆడాను. ఇప్పుడు క్రీడాకారుల కోటాలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ, తిమార్‌పూర్ క్వార్టర్స్‌లో అమ్మతో ఉంటున్నాను. హాకీ తెలియనివారికి ఒక్క సంగతి చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు గోల్ కాచే జట్టులో ఐదుగురు గోల్ గీత వెనక నిలబడతారు. అవతలి జట్టు అమ్మాయి ఒకతె గీత మీద నుంచి బంతిని మైదానంలోకి నెడుతుంది. నెట్టిన క్షణంలో ఈ ఐదుగురిలో ఒకరు, ఆ బంతిని గోల్‌లోకి కొట్టబోయే మనిషి మీదకి సూటిగా పరిగెత్తాలి. వచ్చే బంతికి ఎదురెళ్ళడమే ఆమె పని. ఆమెని రషర్ అంటారు. ఐదేళ్ళూ నేను చేసింది ప్రధానంగా ఆ పనే.

మొన్న డిసెంబరులో ఢిల్లీలో జూనియర్ అమ్మాయిల ఎంపిక జరిగితే నన్ను చూడటానికి పిలిచారు. హర్యానాలోని సోనీపత్ వైపు నుంచి వచ్చిన పూనమ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి రషర్‌గా నిలబడింది. కర్రతో గోల్ గీత మీద రెండుసార్లు తట్టింది. అందరూ బంతి వైపు చూస్తుంటే, తను మాత్రం బంతిని నెట్టబోయే అమ్మాయి ఎడమ మడమ వైపు చూసింది. మడమ కాస్త పైకి లేవగానే బాణంలా దూసుకుపోయింది. నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. అవి రెండూ నా అలవాట్లు. మడమ సంగతి నేను జీవితంలో ఒక్క మనిషికే చెప్పాను. అదీ ఫోన్లో, ఆ మనిషి వింటోందో లేదో తెలియకుండా.

ఆట అయ్యాక ఆ అమ్మాయిని పిలిచి, "ఇది నీకెవరు నేర్పారు?" అని అడిగాను.

"మా రత్నా దీదీ, మేడమ్. ఇండియాకి ఆడింది. రషర్."

"ఏ రత్నా?"

పూనమ్ నన్ను జాలిగా చూసింది. "రత్నా దీదీ తెలీదా మేడమ్ మీకు? పేపర్లో ఫొటో కూడా పడింది. మా ఊళ్ళోనే ఉంటుంది." ఆ తర్వాత ఊరి పేరు చెప్పింది. ఆ ఊళ్ళో నాకు తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె పేరు రత్న కాదు, సుమన్.

సుమన్ నాకంటే మూడేళ్ళు చిన్నది. 2001లో ఢిల్లీలో జరిగిన శిక్షణ శిబిరంలో అదనపు క్రీడాకారిణిగా ఉండేది. జట్టు ప్రకటించడానికి ఇంకా రెండు రోజులుందనగా, పెనాల్టీ కార్నర్ల సాధన కోసం మగపిల్లల జట్టు నుంచి ఇద్దరిని పిలిపించారు. వాళ్ళు కొట్టిన బంతులు చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయేవి. ఆ రోజుల్లో మేము మొహానికి ఏమీ పెట్టుకునేవాళ్ళం కాదు. దెబ్బ తగిలితే జట్టులో చోటు పోతుందని భయపడి, మడమ పట్టేసిందని చెప్పి నేను బెంచీ మీద కూర్చున్నాను. నా మడమకి ఏమీ కాలేదు. నా బదులు సుమన్‌ని పంపారు. అవకాశం వచ్చిందని నవ్వుకుంటూ వెళ్ళింది. నాలుగో బంతి ఆమె ఎడమ కణతకి తగిలింది. రెండు రోజుల తర్వాత జట్టులో నా పేరు వచ్చింది.

సుమన్ బతికింది. కానీ కళ్ళు తెరిచి పడుకుని ఉండేది తప్ప మాటా పలుకూ లేదు. కొన్ని నెలలకి ఇంటికి తీసుకెళ్ళిపోయారు. నేను అమ్మ దగ్గర ఏడిస్తే, "పలకలేని మనిషికి వినబడదని ఎవరు చెప్పారే నీకు? ఇన్నేళ్ళు వార్డుల్లో చూశాను నేను. మాట్లాడుతూ ఉండు" అంది. అప్పటినుంచి ప్రతి పర్యటన తర్వాతా వాళ్ళింటికి ఫోన్ చేసేదాన్ని. వాళ్ళమ్మ రిసీవర్‌ని సుమన్ చెవి దగ్గర పెట్టేది. ఆడిన మ్యాచ్ అంతా చెప్పేదాన్ని. ఎక్కడ నిలబడ్డానో, ఏం చూశానో, ఎంత భయపడ్డానో అన్నీ. అవతల ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినబడేది కాదు. రెండేళ్ళు అలా గడిచాక, ఒక విదేశీ విమానాశ్రయంలో బూత్‌లో నిలబడి, ఆ మడమ నొప్పి అబద్ధమని చెప్పేశాను. చెప్పిన వెంటనే లైన్ తెగిపోయింది. మళ్ళీ ఫోన్ చేయడానికి నాకు చేతులు రాలేదు. ఆమె లేచి కూర్చుంటోందని, మాటలు వచ్చాయని ఎవరో చెప్పగా తర్వాత విన్నాను. అయినా వెళ్ళలేదు.

జనవరి రెండో శనివారం పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాను. కిటికీలోంచి చూస్తే పొగమంచులో ఎదురు క్వార్టర్ కనబడలేదు. అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, "స్వెట్టర్ మీద శాలువా కూడా కప్పుకో. అచ్ఛా, వెళ్ళి ఏం చెబుతావు?" అంది.

"తెలీదమ్మా."

"తెలీకుండానే వెళ్ళు. తెలిశాక వెళ్దామనే ఐదేళ్ళు కూర్చున్నావు."

తిమార్‌పూర్ నుంచి బైపాస్ దాకా ఆటోకి ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు. అక్కడ పానీపత్ వెళ్ళే హర్యానా బస్సులు ఆగుతాయి. బస్సు వస్తున్నట్టు హారన్ వినబడటమే తప్ప, రెండు పసుపు దీపాలు మీదకి వచ్చేదాకా ఏమీ కనబడలేదు. మురథల్‌కి టికెట్ ఇరవై నాలుగు రూపాయలు. మామూలు రోజుల్లో గంట ప్రయాణం. ఆ రోజు రెండున్నర గంటలు పట్టింది. ఎడమవైపు, డ్రైవర్‌కి దగ్గరగా ఉన్న సీట్లో కూర్చున్నాను. అద్దం అవతల తెల్లటి గోడ ఉన్నట్టుంది. ఆ గోడలోంచి ఉన్నట్టుండి ఒక సైకిలు, ఒక గేదె, తలకి కండువా చుట్టుకున్న ఒక ముసలాయన బయటికి వచ్చి, మళ్ళీ అందులోకే వెళ్ళిపోతున్నారు. ఢిల్లీకీ హర్యానాకీ మధ్య ఉన్న సింఘూ సరిహద్దు దాటామని కండక్టర్ చెబితే తప్ప తెలియలేదు.

"భయ్యా, మీకు రోడ్డు ఎలా కనబడుతోంది?" అని డ్రైవర్‌ని అడిగాను.

"కనబడటం లేదు బహన్‌జీ" అన్నాడాయన తాపీగా. "ముందు లారీ వెనక ఎర్ర దీపం చూసి పోతున్నా. వాడు పొలంలోకి పోతే మనమూ పొలంలోకే."

బస్సులో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మన ముందు వెళ్తున్నవాడికి దారి తెలుసనుకోవడం ఎంత భయంకరమో, ఆ ఎర్ర దీపం ఒక్కసారి మాయమైనప్పుడు తెలిసింది. బస్సు నిలిచిపోయింది. అందరూ మాటలు ఆపేశారు. ఇంజను కూడా ఆపి డ్రైవర్ తల బయటికి పెట్టి విన్నాడు. ఎక్కడో మన వెనక నుంచి ఏదో వాహనం హారన్ కొట్టుకుంటూ వస్తోంది, వస్తోంది, ఎంతకీ రాదు. చివరికి ఏమీ రాకుండానే ఆ శబ్దం ఆగిపోయింది. డ్రైవర్ దేవుడికి దణ్ణం పెట్టుకుని మళ్ళీ బండి తీశాడు.

పదకొండుకి మురథల్‌లో దిగాను. రోడ్డు పక్క ధాబాలు ఎన్నో ఉన్నాయి. నేను తందూరు వెలుగు కనబడిన మొదటి దాంట్లోకి దూరాను. ఒక ఆలూ పరాఠా, దాని మీద ముద్ద వెన్న, పెరుగు, టీ కలిపి పాతిక రూపాయలు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటే, ఆ వేడి పరాఠాని తినేముందు కాసేపు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పరాఠాలు ఒత్తుతున్న వంటాయన ఎక్కడికని అడిగితే ఊరి పేరు చెప్పాను.

"రత్నా దీదీ ఊరా! పిల్లల్ని ఆటలో చేర్పించడానికా?" అన్నాడు. "అదిగో, ఆ ఫొటో చూడండి. మా దగ్గరికి పిల్లల్ని తీసుకుని ఒకసారి వచ్చింది. ఆవిడే ఇచ్చింది."

గోడ మీద నూనె పొగ పట్టిన పేపరు ముక్క ఒకటి అంటించి ఉంది. మా జట్టు ఫొటో. ఎడమ నుంచి మూడో మనిషి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆ మూడో మనిషిని నేను. అచ్చు సరిగా పడక మొహం అలికినట్టుంది. కింద నా పేరు ఉంది. నేను ఫొటోకి మూర దూరంలో నిలబడి ఉన్నాను. ఆయన ఫొటో వంక, నా వంక చూస్తూ, "యూరప్‌లో ఒక మ్యాచ్‌లో వేళ్ళు రెండు విరిగితే టేపు చుట్టుకుని ఆడిందండీ. చేతి మీద ఇంకా ఉంది గుర్తు" అన్నాడు. శాలువా కింద నా కుడిచేతి వేళ్ళు ముడుచుకున్నాను. చలికి అవి ఇప్పటికీ సలుపుతాయి.

మురథల్ నుంచి యమున వైపు పోయే దారిలో ఊళ్ళకి టెంపోలు తిరుగుతాయి. మనిషికి ఐదు రూపాయలు. నాతోపాటు ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ళు ముసుగులు తీయకుండా మధ్యలో ఎక్కడో దిగిపోయారు. నదికి దగ్గరవుతున్నకొద్దీ మంచు ఇంకా చిక్కబడింది. డ్రైవర్ నన్ను దింపి, "ఇక్కడి నుంచి నేరుగా నడవండి. చప్పుడు వినబడుతుంది" అని వెళ్ళిపోయాడు. ఏం చప్పుడని అడిగేలోపు బండి మాయమైంది. పన్నెండు కావస్తోంది, అయినా సూర్యుడు ఎటువైపు ఉన్నాడో తెలియలేదు. నాలుగడుగులు వేశాక విన్నాను. టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. గోల్ వెనక చెక్కకి బంతి తగిలే శబ్దం. ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పలేను. ముందు నుంచి అనుకుంటే వెనక నుంచి వినబడుతోంది.

ఆ శబ్దాన్ని పట్టుకుని గోధుమ చేల గట్టు మీదుగా నడిచాను. కాసేపటికి శబ్దం ఆగింది. ఒక ఆడగొంతు మొదలైంది. మెల్లగా, ఒక్కో మాటా వెతికి పట్టుకుంటున్నట్టు హిందీలో చెబుతోంది. "టర్ఫ్ అంటే ప్లాస్టిక్ గడ్డి. దాని మీద నీళ్ళు కొట్టారు. తడిసిన టర్ఫ్‌కి కొత్త పలక వాసన వస్తుంది. గీత మీద రెండుసార్లు తట్టాను. మొదటిసారి దేవుడి కోసం, రెండోసారి మా అమ్మ కోసం." నేను ఉన్నచోటే నిలబడిపోయాను. కొత్త పలక అన్నది నా మాట. బాపట్లలో ఒకటో తరగతిలో మా నాన్న కొనిచ్చిన పలక వాసన. హర్యానా పల్లెలో పుట్టిన పిల్లకి ఆ పోలిక ఎక్కడిది? ఆ గొంతు ఆగకుండా చెప్పుకుపోతోంది. నా మొదటి మ్యాచ్, విరిగిన వేళ్ళు, సెమీఫైనల్లో చివరి నిమిషంలో నా మోకాలికి తగిలి బయటికి పోయిన బంతి, ఆ రాత్రి బాత్రూములో కుళాయి తిప్పి ఏడవటం. నా ఆటంతా నా కళ్ళముందు కాక, నా చెవుల పక్కన, ఇంకెవరిదో అయిపోయి నడుస్తోంది. ఒక్క క్షణం నాకు నిజంగా అనుమానం వచ్చింది, అవన్నీ ఆడింది నేనేనా అని.

ఇంకాస్త ముందుకి వెళ్ళేసరికి మంచులోంచి మనుషులు తేలారు. చదును చేసిన మట్టి మైదానం. పన్నెండు మంది అమ్మాయిలు కర్రలు ఒళ్ళో పెట్టుకుని గొంతుకూర్చున్నారు. వాళ్ళ మధ్య నులక మంచం మీద మెడలో ఈలతో సుమన్ కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. చూపు నా వైపే ఉన్నా నన్ను చూస్తున్నట్టు లేదు. దూరపు చూపు సగం పోయిందని తర్వాత తెలిసింది.

"ఎవరో వచ్చారు. బూట్ల చప్పుడు మన ఊరిది కాదు" అంది సుమన్.

పూనమ్ లేచి, "ఢిల్లీ మేడమ్, దీదీ! సెలెక్షన్‌కి వచ్చిన మేడమ్" అంది.

నా పేరు చెప్పలేదు. "శిబిరంలో మీతో ఉండేదాన్ని" అన్నాను.

సుమన్ మొహంలో రంగు మారింది. నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను. ఎడమచేతిని పైకెత్తి నా ఎడమ కణత మీద పెట్టింది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. జుట్టు పక్కకి తోసి దేనికోసమో వెతికింది. చాలాసేపు వెతికింది.

"సుమన్‌వా నువ్వు?" అని అడిగింది చిన్నగా. "బతికే ఉన్నావా?"

అమ్మాయిలెవరూ కదల్లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. "ఆ రోజు నా మడమకి ఏమీ కాలేదు. అబద్ధం చెప్పాను. నిన్ను పంపాను. ప్రతి మ్యాచ్‌లో నువ్వే గుర్తొచ్చేదానివి. నన్ను క్షమిస్తావా సుమన్?"

ఆ మాటలన్నీ నావి. విమానాశ్రయం బూత్‌లో నిలబడి ఏ మాటలు ఏ వరుసలో అన్నానో, అదే వరుసలో. ఎవరికి చెప్పుకున్నానో ఆ మనిషే ఆ నేరం నెత్తిన వేసుకుని, నన్ను క్షమాపణ అడుగుతోంది. నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. "పర్వాలేదు" అన్నాను. అంతే. ఆమె మొహం తేటపడింది. నేను మాత్రం ఇంకోసారి బెంచీ మీద కూర్చున్నట్టయింది.

వాళ్ళమ్మ ధన్‌పతి వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళింది. అక్కడ పెద్దమ్మ వరసవాళ్ళని తాయీ అంటారు. నేనూ అలాగే పిలిచేదాన్ని ఫోన్లో. సుమన్‌ని పిల్లలు వరండాలో మంచం మీద కూర్చోబెట్టారు. తాయీ నన్ను వంటింట్లోకి పిలిచి పొయ్యి దగ్గర పీట వేసింది. సజ్జరొట్టె, ఆవాకు కూర, మజ్జిగ పెట్టింది. తర్వాత పిడకని పొయ్యిలోకి తోస్తూ, "నీ గొంతు వినగానే పోల్చుకున్నాను రత్నా" అంది.

"తాయీ, ఆమె ఎందుకలా..."

"మూడేళ్ళకి నోరు తెరిచింది. డాక్టర్ నీ పేరేంటమ్మా అంటే రత్నా అంది. కాదు బేటీ, నువ్వు సుమన్‌వి అని ఏడాదిపాటు చెప్పాను. వినలేదు. ఊరు నాకంటే ముందు ఒప్పేసుకుంది. పిల్లలకి ఆట నేర్పుతోంది, ఏ పేరైతే ఏముంది అన్నారు."

"ఆ రోజు ఫోన్లో నేను చెప్పింది..."

"విన్నాను. నీ గొంతు పెద్దది. రిసీవర్ దాని చెవి దగ్గరున్నా నాకు వినబడేది." తాయీ నా వంక చూడలేదు. "లైన్ తెగలేదు. నేనే పెట్టేశాను."

నేను పళ్ళెం కింద పెట్టేశాను.

"మళ్ళీ చేస్తావు, అప్పుడు కడిగేద్దామని నెల రోజులు కూర్చున్నాను" అంది తాయీ. "నువ్వు చేయలేదు. నేను పిలిస్తే దాని రెప్ప కదిలేది కాదు. నీ ఫోన్ వస్తే కదిలేది. నువ్వు మానేశాక ఏడాదిపాటు ఆ మూల ఫోన్ వైపే చూస్తూ పడుకుంది. అప్పుడు నాకు కోపం పోయింది. తిట్టడానికి కాదు, ఊరికే చేస్తే చాలని ఎదురుచూశాను. అబద్ధం చెప్పినందుకు కాదు రత్నా, ఫోన్ మానేసినందుకు నిన్ను క్షమించలేకపోయాను."

నేను ఆమె పాదాలు పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకొద్దు. ఒక్క పని చెయ్యి. ఆ మ్యాచ్‌లు దాని దగ్గర ఉండనీ. వాటితోనే బతుకుతోంది. ఆ అబద్ధం మాత్రం నువ్వు తీసుకుపో. నిద్రలో కూడా క్షమించమని అడుగుతూ ఉంటుంది. అది దానిది కాదుగా."

వరండాలోకి వెళ్ళి సుమన్ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పన్నెండు మంది అమ్మాయిలూ అక్కడే ఉన్నారు. వాళ్ళని పంపించమని అడగాలనిపించింది. అడగలేదు.

"మడమ నొప్పని అబద్ధం చెప్పింది నువ్వు కాదు" అన్నాను. "నేను. జట్టులో చోటు పోతుందని భయపడి చెప్పాను. నువ్వు ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు."

సుమన్ తల ఒక పక్కకి వాల్చి వింది. "మరి పరిగెత్తింది ఎవరు?"

"నువ్వే."

బయట మంచు వరండా మెట్ల దాకా వచ్చి నిలబడి ఉంది. ఆమె ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచి, ఈసారి తన కణత దగ్గరికే వెళ్ళింది. అక్కడున్న గుంటలో వేలు ఆగింది. గుమ్మంలో ఉన్న తాయీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్ళలో సుమన్ తనంతట తాను అక్కడ చెయ్యి పెట్టుకోవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది.

"భయపడకుండానే పరిగెత్తానా?" అని అడిగింది సుమన్.

"నవ్వుకుంటూ వెళ్ళావు. నేను బెంచీ మీద నుంచి చూశాను."

ఆమె తల ఊపింది. సంతోషమో దుఃఖమో చెప్పలేని మొహం. కాసేపటికి, ఏదో అర్ధాంతరంగా ఆగిన సంభాషణ అందుకున్నట్టు, "విమానాశ్రయం తర్వాత ఆడినవి చెప్పలేదు నువ్వు. చెప్పు" అంది.

చెప్పాను. పొద్దు తిరిగేదాకా కూర్చుని చివరి మూడేళ్ళ ఆట చెప్పాను. కాళ్ళు నెమ్మదించడం, నాకంటే చిన్నపిల్ల నా చోటుకి రావడం, నా ఆఖరి మ్యాచ్‌లో సగం ఆట మిగిలి ఉండగా నన్ను బయటికి పిలిచేయడం. ఆ చివరి మ్యాచ్ ఓడిపోయామని చెబితే సుమన్ ఒప్పుకోలేదు. "కాదు. గెలిచాం. నేను ఉన్నాను" అంది ఖచ్చితంగా. ఆ మాట అన్న తీరుకి అమ్మాయిల్లో ఒకతె శాలువాలో ముడుచుకుపోయింది. ఏ మ్యాచ్ గురించి చెబుతోందో, అందులో తన పక్కన ఎవరు ఆడారో నాకు తెలియదు. నేను కాదనలేదు.

నాలుగింటికి టెంపో వచ్చింది. పూనమ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మేడమ్, రత్న మీరేనా?" అని గుసగుసగా అడిగింది. అవునన్నాను. "మరి దీదీని మేమేమని పిలవాలి?" అంది. తనని అడగమన్నాను. ఆ పిల్ల అడగలేదు. మెట్ల దగ్గర సుమన్ నా భుజం తడుముకుని పట్టుకుని, "మంచు ఎక్కువగా ఉంది. జాగ్రత్తగా వెళ్ళు, సుమన్" అంది. తాయీ నా వంక భయంగా చూసింది. నేను చెప్పిందంతా సుమన్ లోపలికి వెళ్ళిందో లేదో ఆ ఒక్క పిలుపుతో మళ్ళీ తెలియకుండా పోయింది. "సరే, వెళ్ళొస్తాను" అన్నాను. టెంపో కదిలాక వెనక్కి చూస్తే మెట్లు, ఇల్లు, మనుషులు ఏమీ లేవు. తెల్లగా ఉంది. అందులోంచి ఈల మోగింది, వెంటనే పన్నెండు జతల కాళ్ళు పరిగెత్తిన చప్పుడు.

ఇది జరిగి నెలన్నర అయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తున్నాను. రెండుసార్లు మళ్ళీ వెళ్ళొచ్చాను. ఆమె కొన్ని రోజులు రత్న, కొన్ని రోజులు సుమన్. తనని ఏమని పిలవాలో ఆ రోజు ఆమె గొంతుని బట్టి తెలుసుకుంటున్నాను. క్షమాపణ అడగడం మాత్రం మానేసిందని తాయీ చెప్పింది. నిద్ర పడుతోందట. నేను దేశం కోసం ఐదేళ్ళు బంతికి ఎదురు పరిగెత్తాను, నా ధైర్యం గురించి పేపర్లలో రాశారు. నిజానికి నేను పరిగెత్తాల్సిన దూరం తిమార్‌పూర్ నుంచి యాభై కిలోమీటర్లే. అది తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది. నా ఆటలో సగం ఇప్పటికీ ఆ వరండాలోనే ఉంది. అది తిరిగి కావాలని నాకు అనిపించడం లేదు.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. జనవరిలో ఆ దారిన వెళ్తే పొద్దున్న పది దాటాక బస్సెక్కండి, తిరుగు ప్రయాణానికి మూడున్నరకల్లా పెద్దరోడ్డు మీదకి వచ్చేయండి. నాలాగా నాలుగు దాకా ఉంటే, టెంపో దిగాక రోడ్డు దాటడానికే అరగంట పడుతుంది. ఒంటరిగా దాటకండి, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగి, వాళ్ళ చెయ్యి పట్టుకుని దాటండి.